బొద్దింక అడుగు పెట్టని పొడి

బళ్లారి చుట్టుపక్కల పల్లెల్లో కందులు ఏడాదికి దాచుకునేటప్పుడు ఎర్రమన్ను నీళ్లు పట్టించి, గింజ గలగలమనేదాకా ఎండబెడతారు. మట్టిపూత ఉన్న గింజకు పుచ్చు తక్కువ. ఆ మట్టికి దగ్గరి పొడులను 1959లో మైసూరు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సి.ఎఫ్.టి.ఆర్.ఐ.) శాస్త్రవేత్తలు మజుందార్, నరసింహన్, సుబ్రహ్మణ్యన్ పరీక్షించారు. ఉత్తేజిత బొగ్గుకు, బంకమట్టికి పురుగుల్ని చంపే గుణం ఉందని ‘నేచర్’ పత్రికలో రాశారు.

ఈ పొడుల్లో విషం లేదు. పురుగు పెంకు మీద కంటికి ఆనని మైనపు పూత ఉంటుంది. ఒంట్లో నీరు ఆవిరి కాకుండా కాపాడేది అదే. పొడి రేణువు ఆ మైనాన్ని పీల్చేస్తే పురుగు ఎండిపోతుంది. మైనం దూరేంత సందులు రేణువులో ఎంత ఎక్కువగా ఉంటే అంత మైనం పడుతుంది.

అలాంటి పదార్థం అప్పటికే ఉంది. అమెరికాలో శామ్యూల్ కిస్ట్లర్ 1931లో దాన్ని ప్రకటించాడు. జెల్‌ను మామూలుగా ఆరబెడితే లోపలి ద్రవం పోతూ పోతూ గోడల్ని లాగేస్తుంది, జెల్ ముడుచుకుపోతుంది. అందుకని ఆయన దాన్ని గట్టి పాత్రలో బిగించి, ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయేంత వేడి, ఒత్తిడి ఇచ్చి, ఆ ఆవిరిని మెల్లగా వదిలాడు. ఆకారం చెడని, అత్యధిక భాగం గాలే ఉన్న సిలికా మిగిలింది. అదే ఏరోజెల్. దాని రంధ్రాల కొలత నానోమీటర్లలోనే. ఒక్క గ్రాము లోపలి ఉపరితలం వందల చదరపు మీటర్లు! కిస్ట్లర్ ధ్యాస పురుగుల మీద లేదు. 1940లలో మోన్‌శాంటో దీన్ని అమ్మకానికి తయారుచేసింది.

దీన్ని పురుగుల మీద పరీక్షించినవారిలో ఒకరు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కీటకశాస్త్రజ్ఞుడు వాల్టర్ ఎబెలింగ్. 1959లోనే, ఈ జాతి పొడులు చెక్కను తినే చెదల్ని త్వరగా ఎండబెడతాయని చూపాడు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఆయన బొద్దింకల పెట్టె. రెండు గదులు, మధ్య అడ్డు, అందులో ఒక రంధ్రం. ఒక గది వెలుగు, ఒకటి చీకటి. పొడి చీకటి గదిలో. వెలుగును ఇష్టపడని బొద్దింక కూడా ఏరోజెల్ పొడి తగలగానే వెనక్కి తిరిగి, వెలుగులోనే ఉండిపోయేది. అంటుకుంటే వేగంగా చంపే పొడే, కానీ బొద్దింక అంటనిస్తేగా! నెమ్మదిగా చంపే బోరిక్ ఆమ్లాన్ని మాత్రం పసిగట్టలేక అందులో తిరిగి, చివరికి ఎక్కువ చచ్చేవి.

చంపే మందుగా ఇది లోపమే, తరిమే మందుగా ఇదే బలం. అందుకే ఇల్లు కట్టేటప్పుడే గోడల బోలు సందుల్లో ఊదమని ఎబెలింగ్ సూచించాడు. గింజల నిల్వ సంగతికొస్తే, 2011లో కోల్‌కతా భారత గణాంక సంస్థ పరిశోధకులు బియ్యపు ముక్కుపురుగు మీద నానో సిలికాను పరీక్షిస్తే, మామూలు సిలికా కంటే అదే బాగా పనిచేసింది.

తేమ లేని బళ్లారి వేసవి ఈ పొడికి కలిసొస్తుంది. స్నానాల గదుల్లో, వానాకాలపు తేమలో జోరు తగ్గుతుంది. క్వారీల్లో ఊపిరితిత్తుల్ని కొరికే స్ఫటిక సిలికా వేరు, ఈ రకం వేరు. అయినా ఏ సన్నని పొడీ పీల్చకూడదు. సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకుని స్విచ్ బోర్డు వెనక సందుల్లాంటి చోట్ల, కరెంటు ఆపేసి, పలచగా ఊదాలి. పిల్లలు పాకే నేల మీద చల్లకూడదు.