మీకు తెలుసా?

హిమాలయ అడవుల పొదల్లో పురుగులను ఏరుకుతినే, కంటి చుట్టూ పసుపు వలయమున్న చిన్న వార్బ్లర్ పిట్టను చాలాకాలం ఒకే జాతిగా లెక్కించారు. అయితే పాటనూ జన్యువులనూ పోల్చి చూసిన పక్షి శాస్త్రవేత్తలు పెర్ ఆల్‌స్ట్రోమ్, ఉర్బన్ ఓల్సన్ 1999లో అది నిజానికి ‘సహోదర జాతుల’ సముదాయమని, అంటే రూపంలో దాదాపు ఒకేలా ఉన్నా విడివిడిగా సంతతిని పెంచుకునే జాతుల గుంపని నిరూపించారు. వాటిలో విస్లర్ వార్బ్లర్ తన దగ్గరి బంధువైన ఆకుపచ్చ తల వార్బ్లర్ కంటే ఎత్తయిన అడవుల్లో గూడు కడుతుంది. తోక అంచు ఈకల్లో తెలుపు ఎక్కువన్నది మరో గుర్తేగాని, క్షణం నిలవని పిట్టలో దాన్ని పట్టుకోవడం కష్టం కనుక పాటే నమ్మదగిన ఆధారం. 1925లో పక్షి శాస్త్రవేత్త టైస్‌హర్స్ట్ ఈ పిట్టకు ఎవరి పేరు పెట్టాడో ఆ హ్యూ విస్లర్, తూర్పు కనుమల పక్షులపై జరిగిన వెర్నే సర్వే నివేదిక రచయితల్లో ఒకడు.