ప్యాలెస్‌లో పెళ్లా? ముందు ముహూర్తం చూడండి

గచ్చిబౌలి ఆఫీసులో కూర్చుని ఫలక్‌నుమా రీల్స్ చూస్తూ "నా పెళ్లి ఇక్కడే" అనుకుంటున్నారా? 1884లో పైగా నవాబు వికారుల్ ఉమ్రా తన కోసం కట్టించడం మొదలుపెట్టిన ఇల్లు అది. 2010 నుంచి తాజ్ హోటల్. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి అక్కడే.

రేటు అందరూ అడుగుతారు. నేనైతే ముందు ముహూర్తం చూస్తా. మనవి చాలావరకు అర్ధరాత్రి ముహూర్తాలే కదా! ఆరుబయట మైకులకి, మేళానికి మామూలుగా రాత్రి 10 వరకే టైమ్. పోనీ లోపల చేద్దామంటే, నూరేళ్లు దాటిన సీలింగ్ కింద హోమం పెట్టనిస్తారా? జీలకర్ర బెల్లం టైమ్‌కి మేళం మోగకపోతే మా అమ్మమ్మ ఊరుకోదు బాబూ!

అందుకే అడ్వాన్స్ కట్టకముందే పంతులుగారిని, వెన్యూ మేనేజర్‌ని ఒకే కాల్‌లో కలపండి. హోమం ఎక్కడ, మేళం ఎన్నింటి వరకు, అన్నీ మెయిల్‌లో రాయించుకోండి.