గూటికి ఎంత దూరమున నిలువవలెను?

అడవిమృగములను, పక్షులను, పూవులను దగ్గరగా చూపు ఛాయాచిత్రములు తీయు విద్యను గూర్చి నేడు కొంచెము ముచ్చటింప దలచితిని. ఇది పట్టణవాసుల వినోదముగదా, మాకేల యని మీరనవచ్చును. కాని యా వినోదము పట్టణమున జరుగునది కాదు. మీ చెరువుగట్టున, మీ పొలముగట్టున, కొల్లేటి యొడ్డున జరుగునది. సెల్‌ఫోనులోనే కెమెరా యమరినది మొదలు, సెలవుదినము వచ్చినచో చిత్రములు తీయువారు గుంపులుగా పల్లెలకు వచ్చుచున్నారు. వారు ఏ గట్టున నిలువవచ్చునో, ఏ చెట్టు క్రిందికి పోరాదో చెప్పగలవారు మీరే. అందుచేత ఈ మాటలు మీతో చెప్పదగినవని తోచినది.

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొనెదను. విజయవాడ వన్ టౌన్‌లో, ఇంద్రకీలాద్రి చెంత, మా పెంకుటింటి పెరటిలో గోరింటపొద యొకటి యుండెడిది. నా చేతికి కెమెరా క్రొత్తగా వచ్చిన దినములవి. ఆ పొదలో పిగిలిపిట్టల జంట యొకటి గూడు కట్టి పిల్లలను లేపినది. గూటిపై ఆకులు దట్టముగా నుండుటచే, ఎన్నిసార్లు తీసినను చిత్రము చీకటిగా వచ్చుచుండెను. మా నాయనమ్మ, "దాని కప్పు తియ్యకురా" అని వారించినను వినక, కత్తెరతో నాలుగు రెమ్మలు కత్తిరించితిని. వెలుగు చక్కగా పడినది. నోళ్లు తెరచిన పిల్లలును, ముక్కున పురుగును కరచుకొని వ్రాలిన తల్లియు, చిత్రమున ముచ్చటగా వచ్చిరి. మరునాటి యుదయమున చూడగా గూడు వట్టిదైయున్నది. కాకి యెప్పుడు చూచినదో నాకు తెలియదు. అది చూచుటకు దారి చేసినవాడను నేనని మాత్రము తెలిసినది. మా నాయనమ్మ నన్ను తిట్టలేదు. "నీకు కనపడింది కాకికి కనపడదా?" అని మాత్రము అన్నది. ఆ చిత్రము నేటికిని నాయొద్ద నున్నది. దానిని ఎవ్వరికిని చూప బుద్ధి పుట్టదు.

దగ్గరగా చూడవలె ననుకొనుట తప్పు కాదు. చూపునకు దొరకనిదానిని దొరకించుకొనుటయే ఈ విద్యలోని యానందము. అయితే దగ్గరగా చూచుట వేరు, దగ్గరకు పోవుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న భేదమును తెలిసికొనుటకే తొలినాటి ఛాయాచిత్రకారులు మిక్కిలి శ్రమపడిరి.

ఇంగ్లండు దేశమున రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అను అన్నదమ్ములుండిరి. వారు 1892వ సంవత్సరమున గ్రుడ్లతోకూడిన పక్షిగూటిని చిత్రము తీసిరి. 1895లో పక్షిగూళ్లను గూర్చిన తమ గ్రంథమును ఛాయాచిత్రములతో నింపి ప్రకటించిరి. మనుష్యుని యాకారమును చూచినంతనే పక్షి బెదరును గాని, మేయు పశువును చూచి బెదరదని వారు గ్రహించిరి. ఈ సంగతి మనకు క్రొత్త కాదు. గేదెల కాళ్ల సందున కొంగలు నిర్భయముగా తిరుగుటయు, మనము గట్టెక్కగానే లేచిపోవుటయు మనము ప్రతిదినమును చూచుచున్నదే. అందుచేత వారు ఎద్దుతోలుతో బోలుబొమ్మను చేయించి, 1900 ప్రాంతమున దానిలో నొకరు దూరి, కెమెరాతో పొలమున నిలువసాగిరి. ఒకనాడు లోనున్న అన్న ఉక్కకు సొమ్మసిల్లగా, బొమ్మయెద్దు కాళ్లు పైకెత్తి పడిపోయినదట. నవ్వు వచ్చు కథయే కాని, పక్షిని బాధింపకుండుటకు తామే బాధపడిన మనుష్యుల కథ యది.

మన దేశమున ఛాంపియన్ అను అటవీశాఖాధికారి ఉత్తరదేశపు అడవులలో మరియొక యుపాయము పన్నెను. పులి నడచుదారిలో సన్నని తీగను సాచి, దానిని కెమెరాకు కలిపి, తాను వెళ్లిపోవుచుండెను. రాత్రివేళ పులి తీగను త్రొక్కినచో మెరుపువంటి వెలుగు కలిగి చిత్రము పడెడిది. ఆ చిత్రములతో ఆయన గ్రంథము 1927లో వెలువడినది. ఇప్పుడు తీగకు బదులు, ప్రాణిదేహపు వేడిమి కదలికను పసిగట్టు పరికరము కెమెరాలోనే యమర్చబడుచున్నది. మన కృష్ణానది సముద్రమున కలియుచోట, మడ అడవులలో, రాత్రివేళ చేపలు పట్టి తిను బావురుపిల్లి కలదు. దానిని కంట చూచినవారు అరుదు. చెట్లకు కట్టిన యిట్టి కెమెరాలే దాని యునికిని లోకమునకు చూపినవి. మనుష్యుడు అచట లేకపోవుటయే ఆ చిత్రమునకు మూలబలము.

ఇక మూడవ యుపాయము దూరపు కటకము. కటకమనగా కెమెరాకు కన్నువంటి అద్దము. దూరదర్శినివలె దూరపు వస్తువును పెద్దది చేసి చూపు కటకములు కలవు. వానితో నూరు గజముల దూరమునుండియు పక్షికంటిలోని రంగును పట్టవచ్చును. ఇవి ఖరీదైనవి. సెల్‌ఫోనులోని చిన్నకన్నునకు అంత బలము లేదు. లేనందువలననే ఫోను పట్టినవాడు గూటివైపునకు ఒక్కొక్క యడుగే వేయుచు పోవును. చేటు అచటనే పుట్టుచున్నది.

పూవుల విషయము వేరు. పూవు పారిపోదు గనుక దగ్గరకే పోవచ్చును. కాని అచట మరియొక చిక్కు కలదు. వ్రేలిగోరంతయైన తుమ్మిపూవును ఉన్నదున్నంత పరిమాణమున పట్టవలెనన్నచో, కటకమును పూవునకు మిక్కిలి చేరువకు తేవలెను. అట్లు తెచ్చినకొలది, చిత్రమున స్పష్టముగా కనబడు భాగము పలుచనగును. చివరకు వడ్లగింజ మందమంత మేర మాత్రమే తేటగా నుండి, దానికి ముందు వెనుకల నున్నది మంచుక్రమ్మినట్లగును. దీనికి విరుగుడేమి? సన్నయక్షరములు చదువునపుడు కనులు చికిలించినచో కొంత తేటగా కనబడుట మీకు అనుభవమే. కెమెరాకన్నును కూడ అట్లే చిన్నది చేయవచ్చును. అప్పుడు తేటభాగము పెరుగును. కాని చిన్నరంధ్రమున వెలుగు తక్కువగా చొచ్చును గనుక, ఎక్కువసేపు తెరచియుంచవలెను. అంతలో గాలికి పూవు ఊగినచో చిత్రము చెదరును.

కావుననే తెలిసినవారు ఎండ ముదురకముందు, గాలి లేవకముందు బయలుదేరుదురు. కెమెరాను ముక్కాలిపీటవంటి నిలువుపై పెట్టుదురు. పూవుపై నీడ యెక్కువైనచో ప్రక్కనొక తెల్లని పంచెను పట్టినచాలును, వెలుగు దానిపై పడి నీడవైపునకు మరలును. ఆ వేకువవేళనే గడ్డిపరకను పట్టుకొనియున్న తూనీగ కూడ కదలక యుండును. రాత్రిచలికి దాని దేహము చల్లబడియుండుటచే, ఎండ సోకి వేడెక్కినగాని ఎగురలేదు. దాని రెక్కలలోని సన్నని గడులను, వానిపైని మంచుబిందువులను పట్టుటకు అంతకుమించిన సమయము లేదు. కొందరు ఈ ఓపిక లేక, పురుగులను పట్టి మంచుపెట్టెలో నుంచి మొద్దుబారజేసి తెచ్చి చిత్రము తీయుదురు. మరికొందరు తమకు కావలసిన పూవునకు అడ్డమనుచు చుట్టునున్న మొక్కలను పెరికివేయుదురు. ఆ చిత్రములు పైకి చక్కగా నుండవచ్చును. నా గోరింటపొద చిత్రమును చక్కగానే యుండెను.

ఇప్పుడు కొల్లేటికి వచ్చెదను. విజయవాడ నుండి గుడివాడ మీదుగా భీమవరము పోవు రైలుమార్గమున కైకలూరు కలదు. దాని చెంతనే ఆటపాక. చలికాలమున అచటి నీటినడుమ వందలకొలది గూడబాతులును, ఎర్రకాళ్లకొంగలును గూళ్లు కట్టును. గూడబాతు పెద్దపక్షి. రెక్కలు చాచినచో ఈ కొననుండి ఆ కొనకు ఏడెనిమిది అడుగులుండును. దాని ముక్కు క్రింది సంచి మన పొలములకు నీరెత్తు గూడను తలపించును. గూళ్లకు చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలను నిలిపిరి. పక్షులు వానిని కూడ అంగీకరించినవి.

ఈ పక్షుల చరిత్రలో మనము మరువరాని సంగతి యొకటి యున్నది. 1946వ సంవత్సరమున కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల పెద్దగూళ్లసముదాయమును కనుగొనెను. అప్పుడచట సుమారు 3,000 పక్షులు గూళ్లు కట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ సముదాయము లేకుండ పోయెను. పిమ్మట చాల కాలమునకు కొల్లేట మరల గూళ్లు వెలసినవి. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో లోకమునందలి ముఖ్యమైన చిత్తడినేలల పట్టికకు ఎక్కెను. పక్షి ఒకచోటిని విడిచిపోవుట యెంత సులభమో, తిరిగివచ్చుట యెంత కష్టమో దీనిని బట్టి తెలియును.

గూడబాతుపిల్ల గ్రుడ్డునుండి వెలువడునప్పుడు దాని యొంటిపై ఈక యొక్కటియు నుండదు. తల్లియో తండ్రియో రెక్కనీడ పట్టనిచో ఎండకు తాళలేదు. పడవయెక్కి గూళ్లక్రిందికి పోయి, చప్పట్లు కొట్టి, పక్షులన్నియు ఒక్కసారిగా లేచినచో చిత్రము బాగుండునని తలచువారు కలరు. పక్షులు లేచిన మాట నిజమే. ఆ చిత్రమున కనబడనిది గూటిలోని పిల్ల. తల్లి మరల వచ్చువరకు అది ఎండలో నుండును. కాకియు గ్రద్దయు ఆ సందునకే వేచియుండును. ఒకమారు లేచిన పక్షి తిరిగి వ్రాలును. దినమునకు పదిమార్లు లేపినచో గూటినే విడిచిపోవచ్చును.

అయితే ఎంత దూరమున నిలువవలెను? ఇన్ని గజములని కొలత చెప్పుటకు వీలులేదు. ప్రతిదినము వలవేయ వచ్చు దోనెవానిని చేరువకు రానిచ్చు పక్షియే, క్రొత్తవానిని చూచి దూరమునుండియే బెదరును. కొలత పక్షియొద్దనే యున్నది. అది ఈకలు సవరించుకొనుచు, పిల్లకు మేత నిచ్చుచు, తన పనిలో తానున్నచో మీరు సరియైన చోటనే యున్నారు. పని మాని, మెడ సాచి, మీవంక చూచినచో అచటనే ఆగవలెను. కాళ్లపై లేచినచో వెనుకకు తగ్గవలెను. ఎగిరిపోయినచో మీరు చేయరాని పని చేసినారని యర్థము.

చట్టము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున "వేట" యను పదమునకు చంపుటయు, పట్టుటయు మాత్రమే యర్థము కాదు. అడవిపక్షుల గ్రుడ్లను, గూళ్లను అలజడి పెట్టుటయు అందు చేరియున్నది. తుపాకి పట్టినవాడే వేటగాడు కాదు. గూటిని కలతపెట్టినచో కెమెరా పట్టినవాడును వేటగాడే. అభయారణ్యమున చిత్రములు తీయగోరువారు ముందుగా అటవీశాఖవారి నడిగి, వారు చూపినచోటనుండి తీయుట మంచిది.

కాని చట్టము ప్రతి చెరువుగట్టునను కావలి కాయలేదు. గుంటూరు చెంత ఉప్పలపాడున చెరువులోని చెట్లపై వేలకొలది పక్షులు నిర్భయముగా నున్నవి. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున గ్రామస్థులు ఏటేట వచ్చు పక్షులను ఇంటి ఆడబిడ్డలవలె ఆదరించుదురు. పులికాటు సరస్సునకు చేరువనున్న నేలపట్టున, పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు బలమని రైతులెరుగుదురు. ఈ యూళ్లన్నిటను పక్షులను నిలిపినది పెద్దల మాట.

మీ యూరికి కెమెరాతో వచ్చినవానిని తరిమివేయుడని నేను చెప్పుటలేదు. అతనిని పిలిచి, మంచినీళ్లిచ్చి, కూర్చుండబెట్టుడు. ఏ వేళ పక్షులు మేతనుండి మరలునో, ఏ గట్టుచాటున కూర్చున్నచో అవి బెదరవో మీకు తెలిసినట్లు అతనికి తెలియదు. ఆ తెలివిని అతనికి పంచిపెట్టుడు. రెమ్మ విరుచుటకు చేయి చాచినచో మాత్రము మా నాయనమ్మ అడిగిన ప్రశ్నను అడుగుడు. నేను ఆనాడు విననందున మూడు ప్రాణములు పోయినవి. మీ మాట అతడు వినునని నా నమ్మకము.