పవర్ స్ప్రేయర్‌లో తెల్లపొడి: అల్యూమినియం భాగాల శుభ్రతపై అపోహలు – వాస్తవాలు

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మిరప, పత్తి చేలలో పవర్ స్ప్రేయర్ లేని సాగు ఇప్పుడు ఊహకు అందదు. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను కమ్మేసిన తరువాత పిచికారీలు మరింత పెరిగి, రైతులు తైవాన్ స్ప్రేయర్ అని పిలుచుకునే ఈ యంత్రం మీద భారమూ పెరిగింది. దీని సిలిండర్, క్రాంక్ షాఫ్ట్ తిరిగే గది అయిన క్రాంక్ కేస్, చాలా రకాలలో కార్బురేటర్, కొన్నింటిలో పంపు తల కూడా అల్యూమినియం మిశ్రమ లోహంతో పోత పోసినవే. పాత యంత్రాన్ని విప్పినప్పుడు వీటి లోపలి గోడలకు పట్టి కనిపించే తెల్లని పొడిని వదిలించడానికి షెడ్డులలోనూ ఇళ్లలోనూ చేసే పనులలో చాలా వాటి వల్ల ఆ పొడి చేసినదానికంటే ఎక్కువ నష్టమే జరుగుతున్నది.

అల్యూమినియానికి తుప్పు పట్టదన్నది ఈ తప్పులన్నింటికీ మూలమైన అపోహ. ఇనుముకు పట్టే ఎర్రని తుప్పు దీనికి పట్టదన్న మాట నిజమే గాని, లోహం తన చుట్టూ ఉన్న పదార్థాలతో చర్య జరిపి కరిగిపోవడాన్ని లోహక్షయం అంటారు, దాని నుంచి అల్యూమినియానికి మినహాయింపు లేదు. గాలి తగిలిన వెంటనే దీని మీద ఆక్సైడ్ పొర ఒకటి ఏర్పడుతుంది. మిల్లీమీటరులో పది లక్షల వంతును నానోమీటరు అంటే, ఈ పొర మందం కొన్ని నానోమీటర్లే అయినా లోపలి లోహాన్ని కాపాడేది అదే. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ విలువ సుమారు 4 నుంచి 8.5 వరకు ఉన్నంత కాలం ఆ పొర నిలుస్తుంది. అంతకు తగ్గినా పెరిగినా కరుగుతుంది. పీహెచ్ సరిగానే ఉన్నా నీటిలో క్లోరైడ్ లవణాలు ఉంటే పొర అక్కడక్కడా చిట్లి, ఆ చోట సూది పోట్లలాంటి గుంటలు లోపలికి దిగుతాయి. తెల్లపొడి ఆ గుంటలలో నుంచి బయటకు వచ్చిన అల్యూమినియం హైడ్రాక్సైడే.

మిరప ప్రాంతంలో ఈ క్షయానికి ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉన్నది, దీనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆకుమచ్చ వంటి తెగుళ్లకు లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో రాగీ క్లోరైడూ రెండూ ఉన్నాయి. ద్రావణంలో కరిగిన రాగి అల్యూమినియాన్ని తాకితే, అల్యూమినియం కరిగి ద్రావణంలోకి పోగా, రాగి కంటికి కనిపించని రేణువులుగా లోహం మీద పేరుకుంటుంది. తడి తగిలినప్పుడల్లా ఒక్కొక్క రేణువు చిన్న బ్యాటరీ వలె పనిచేసి తన చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని తినివేస్తుంది. రాగి చాలా కొద్దిగా ఉన్నా ఇది జరుగుతుంది. మందు కొట్టిన సాయంత్రం ట్యాంకు మాత్రం కడిగి, పంపులో మిగిలిన ద్రావణాన్ని అలాగే వదిలేసిన యంత్రంలో గుంటలు త్వరగా పడడానికి కారణం ఇదే.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోస్తే పొడి క్షణంలో పోయి లోహం తళతళలాడుతుందన్న నమ్మకం మిక్కిలి హానికరమైనది. ఆ యాసిడ్లలో ఎక్కువగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పొడితోపాటు రక్షక పొరను, ఆపైన లోహాన్నీ అది కరిగిస్తుంది. చాలా ఇంజిన్లలో సిలిండర్ లోపల అరుగుదలను ఆపడానికి వేసిన క్రోమియం పూతను కూడా ఊడదీస్తుంది. గుంటలలో క్లోరైడ్‌ను మిగిల్చి పోతుంది. తళతళలాడిన భాగమే కొద్ది కాలానికి మళ్లీ తెల్లబడితే అందులో ఆశ్చర్యం లేదు.

యాసిడ్ ప్రమాదమని తెలిసినవారిలో కొందరు, నూనె జిడ్డును బాగా వదిలిస్తుందన్న కారణంతో కాస్టిక్ సోడాను ఎంచుకుంటారు. అల్యూమినియం ఆమ్లాలలోనే కాదు, క్షారాలలోనూ కరిగే లోహం; కాస్టిక్ సోడా ద్రావణంలో అది బుసబుసమని పొంగుతూ, వేడెక్కుతూ, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. ఆ తరువాత మిగిలే నల్లని మసి మురికి కాదు, మిశ్రమ లోహంలో కరగకుండా నిలిచిన సిలికాన్, రాగి వంటివి. కాస్టిక్ సోడా కంటిని, చర్మాన్ని కాల్చే పదార్థం కూడా గనుక ఇంట్లో ఈ పనికి దానిని వాడనే కూడదు.

చింతపండు వైద్యం మాత్రం పూర్తిగా కొట్టివేయదగినది కాదు. అందులోని టార్టారిక్ ఆమ్లం బలహీనమైనది, పలుచని తెల్లపొరను నిజంగానే వదిలిస్తుంది. అయితే ఇత్తడి బిందెలు తోమే అలవాటు కొద్దీ దానికి ఉప్పు చేర్చడమంటే క్లోరైడ్‌ను చేతులారా రుద్దడమే అవుతుంది. దానికంటే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, లీటరు నీటికి 20 నుంచి 50 గ్రాములు కలిపి వాడడం మేలు. ముందుగా రబ్బరు వాషర్లను, ఇత్తడి జెట్లను, ఉక్కు బేరింగులను తీసివేసి, కిరోసిన్‌తో జిడ్డు వదిలించి, ఈ ద్రావణంలో కొద్ది నిమిషాలే ఉంచి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, మంచినీటితో పలుమార్లు కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, పలుచగా ఇంజిన్ ఆయిల్ పూయాలి. ఆ పొడిలో పురుగుమందు అవశేషాలు ఉండవచ్చు గనుక చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కడిగిన నీటిని కాలువలోనో బావి దగ్గరో పారబోయకూడదు.

ఉక్కు బ్రష్షు లోహంలో ఇనుప రజనును గుచ్చి కొత్త క్షయానికి దారి తీస్తుంది. గరుకు కాగితపు రేణువులు నూనె దారులలో చేరి బేరింగులను అరగదీస్తాయి. పొడి పోయిన తరువాత చూడవలసింది మెరుపును కాదు, గుంటల లోతును. గుంట గ్యాస్కెట్ కూర్చునే అంచును దాటి ఉంటే ఎంత శుభ్రం చేసినా ఆ భాగం కారుతూనే ఉంటుంది. దానికి ఆర్గాన్ వెల్డింగు చేయించి అంచు చదును చేయించడమో, భాగాన్ని మార్చడమో తప్ప వేరే దారి లేదు.

శుభ్రం చేసిన యంత్రం మళ్లీ పాడవకుండా దాచే పద్ధతీ ముఖ్యమే. దేశంలో 2025 నాటికి ఇథనాల్ వాటా 20 శాతానికి చేరిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి వేరుపడి కార్బురేటర్ గిన్నె అడుగున చేరతాయి. అందువల్ల నెలల తరబడి పక్కన పెట్టే యంత్రంలో ఇంధనాన్ని ఉంచకూడదు. పొటాష్ ఎరువుగా ఎక్కువగా వాడేది పొటాషియం క్లోరైడ్ కావడం వల్ల దాని బస్తాల పక్కన కూడా యంత్రాన్ని పెట్టకూడదు. మిరప రైతులు చివరి పిచికారీ ముగిసిన రోజునే, పొలం గట్టు మీదనే, స్ప్రేయర్‌లో మంచినీరు పోసి కొద్దిసేపు నడిపి, పెట్రోలు పూర్తిగా తీసి, ఆరిన తరువాతనే లోపల పెట్టాలి. ఆ పనిని మరునాటికి వాయిదా వేయవద్దు.