పొన్నగంటి చుట్టాలు, తిరుపతి ప్రొఫెసర్

"బోరు సరిగ్గ పోస్తలేదు. ఈ యాసంగికి మక్కనే ఏద్దాం." మా బాపు ఈ మాట అనని సంవత్సరం నాకు గుర్తు లేదు. మాది కరీంనగర్ పక్కన చిన్న ఊరు. కాలువ నీళ్లొస్తే వరి, రాకపోతే మక్క. మక్కకు తక్కువ నీళ్లు ఎట్లా సరిపోతాయని ఓసారి అడిగితే "దాని గుణమే అంత రా" అన్నాడు.

ఆ గుణం ఏంటో తెలుసుకుందామని మొన్న సెలవుల్లో వెతకడం మొదలుపెట్టాను. నేను ఎంపీసీ బ్యాచ్. పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం ముట్టలేదు. ఫొటోసింథసిస్ అంటే నాకు రెండు మార్కుల ఈక్వేషన్, అంతే. దాన్ని తెలుగులో కిరణజన్య సంయోగక్రియ అంటారని తెలుసు గానీ, తడబడకుండా పలకడం ఈ వ్యాసం రాస్తున్నప్పుడే వచ్చింది.

వెతుకుతుంటే ఒక పేరు పదే పదే కనిపించింది: వి.ఎస్. రామదాస్. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో బోటనీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆయన చేసిన పని అర్థం కావాలంటే ముందు ఆకు లోపల ఉన్న ఒక బగ్ గురించి చెప్పాలి.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని చక్కెర తయారీలోకి పంపే ఎంజైమ్ పేరు రుబిస్కో. దీనికి ఇన్‌పుట్ వ్యాలిడేషన్ సరిగ్గా లేదు. కార్బన్ డయాక్సైడ్ బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఆ తప్పును సరిదిద్దుకోవడానికి మొక్క శక్తి ఖర్చు పెట్టాలి, పైగా అప్పటికే సంపాదించిన కార్బన్‌లో కొంత వదులుకోవాలి. దీన్నే ఫొటోరెస్పిరేషన్ అంటారు. ఎండ ముదిరిన కొద్దీ తప్పులు పెరుగుతాయి. వరి, పత్తి, సోయా, అంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ పొలాల్లో ఎక్కువగా కనిపించే పంటలన్నీ ఈ బాధ పడేవే. వీటిని సీ3 మొక్కలంటారు.

మక్క, జొన్న, చెరకు ఈ బగ్‌కి ప్యాచ్ రాసుకున్నాయి. వాటి ఆకులో ఈనెల చుట్టూ పెద్ద పెద్ద కణాలు దండలాగా ఉంటాయి. బయటి కణాల్లో వేరే ఎంజైమ్ ఉంటుంది. అది ఆక్సిజన్ జోలికే పోదు. కార్బన్‌ని పట్టి, నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, లోపలి దండకు పంపిస్తుంది. రుబిస్కో ఆ లోపలే ఉంటుంది. దాని చుట్టూ కార్బన్ డయాక్సైడ్ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి తప్పు చేసే అవకాశం చాలా తక్కువ. ఇది సీ4 పద్ధతి. ఆకు రంధ్రాలు బార్లా తెరవాల్సిన పని లేదు, కాబట్టి నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది. బాపు చెప్పిన గుణం ఇదే. (వరికి నీళ్లు ఎక్కువ పట్టడానికి మడిలో నీళ్లు నిలబెట్టడం కూడా కారణమే. తప్పంతా ఆకు మీద వేయొద్దు.)

హవాయిలో చెరకు మీద జరిగిన పనిని చూసి, ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే ఇద్దరు 1966లో ఈ దారిని వివరించారు. ఇంకే మొక్కలకు ఈ కిటుకు తెలుసు అన్నది ఆ తర్వాత ప్రపంచమంతా అడిగిన ప్రశ్న. తిరుపతిలో రామదాస్ గారు, ఆయన విద్యార్థి ఎ.ఎస్. రాఘవేంద్ర ఈ ప్రశ్నను చుట్టుపక్కల పెరిగే మొక్కల దగ్గరికే తీసుకెళ్లారు. స్థానికంగా దొరికే ఏకదళబీజ మొక్కల్లో, అంటే గడ్డి, తుంగ లాంటి వాటిలో, ఎవరు సీ4 అన్న వాళ్ల పేపర్ 1976లో 'న్యూ ఫైటాలజిస్ట్'లో వచ్చింది. 1974 చివరి నుంచి 1977 మధ్య వరకు ప్రపంచంలో కొత్తగా బయటపడ్డ సీ4 మొక్కల జాబితాను 1978లో వేశారు. అప్పట్లో ఇంటర్నెట్ లేదు. ఎక్కడెక్కడి జర్నల్సో తెప్పించుకుని, ఒక్కో పేరూ సరిచూసి ఉంటారు. నాకైతే ఆ జాబితా మీదే ఎక్కువ గౌరవం కలిగింది. డేటాసెట్ తయారుచేసేవాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు గదా.

అసలు ఆసక్తికరమైన కథ పొన్నగంటి కుటుంబంలో ఉంది. మనం కూర వండుకునే పొన్నగంటి సీ3. దాని దగ్గరి చుట్టం ఒకటి నేల మీద పాకుతూ, చెప్పుల్లేకుండా నడిస్తే ముళ్లు గుచ్చుతుంది. అది సీ4. ఒకే ప్రజాతిలో రెండు పద్ధతులు! 1986లో రాజేంద్రుడు, ప్రసాద్, రామదాస్ కలిసి 'ప్లాంట్ ఫిజియాలజీ' జర్నల్‌లో ఇంకో రెండు చుట్టాల గురించి రాశారు. అవి అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉన్నాయి.

మధ్యలో ఉన్నట్టు ఎట్లా తెలిసింది? ఆకును మూసిన గదిలో పెట్టి వెలుతురు ఇస్తే లోపలి కార్బన్ డయాక్సైడ్‌ని తాగుతూ పోతుంది, ఒక చోట ఆగిపోతుంది. సీ3 ఆకు పది లక్షల్లో దాదాపు 50 వంతుల దగ్గర ఆగుతుంది. సీ4 ఆకు ఇంచుమించు సున్నా దాకా తాగేస్తుంది. ఈ రెండు కలుపు మొక్కలు ఆ రెండింటి మధ్యలో ఆగాయి. వాటి ఆకుల్లో దండ ఉంది, కానీ సీ4 ఎంజైమ్‌లు మాత్రం మక్కలో ఉన్నంత చురుగ్గా లేవు.

మరి ఎట్లా నెట్టుకొస్తున్నాయి? దీనికి జవాబు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దొరికింది. అప్పటికి రాఘవేంద్ర గారు అక్కడ పనిచేస్తున్నారు. ఆయన బృందం 1995లో ఆ రెండింట్లో ఒకదాన్ని తీసుకుని చూసింది. ఫొటోరెస్పిరేషన్‌లో కార్బన్ డయాక్సైడ్‌ని వదిలే ఎంజైమ్ ఎక్కువగా లోపలి దండ కణాల్లోనే ఉందని తేల్చింది. అంటే బగ్ అట్లాగే ఉంది, కానీ లీకైన కార్బన్ బయటికి పోకముందే లోపలే మళ్లీ పట్టుకుంటున్నాయి. రాఘవేంద్ర గారు 1998లో కేంబ్రిడ్జ్ ప్రెస్‌కి కిరణజన్య సంయోగక్రియ మీద పెద్ద గ్రంథానికి సంపాదకత్వం కూడా వహించారు.

ఇదంతా బాపుకి ఫోన్‌లో చెప్పాను. మొత్తం విని, "మరి వరిని గూడ మక్క లెక్క చేయరాదా?" అన్నాడు. ఎగ్జామ్ పేపర్ సెట్ చేసేవాళ్లు కూడా ఇంత సూటిగా అడగరు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థతో మొదలై, 2008 నుంచి చాలా దేశాల శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ పని మీదే ఉన్నారు. కష్టమేంటంటే, ఒక్క జీన్ పెడితే అయ్యే పని కాదు. ఆకు లోపలి కట్టడమే మార్చాలి. అందుకే తిరుపతి కలుపు మొక్కల్లాంటివి పనికొస్తాయి. సీ3 నుంచి సీ4కి వెళ్లే దారిలో ముందు ఏది మారింది, తర్వాత ఏది మారింది అన్నది ఆ మధ్యలో ఆగినవాటిలోనే కనిపిస్తుంది.

"అయితే ఆ విత్తనం ఎప్పుడొస్తది?" అని అడిగాడు.

ఇంకా పొలం దాకా రాలేదని చెప్పాను. సరే, మక్క విత్తనాల రేటు ఎంతుందో ఆన్‌లైన్‌లో చూసి చెప్పమన్నాడు.