2 హత్యలు, 1 కుట్ర కేసు

మన చీపురుపల్లి తాలూకా 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా శ్రీకాకుళం జిల్లాలోదే. అంటే శ్రీకాకుళం గిరిజన పోరాటం మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు మన పాత జిల్లా కేసు. అందులో మొదట గుర్తుపెట్టుకోవలసిన అంకె 2.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకు వెళ్తున్న జనంపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టు నిందితులను వదిలేసింది. రెండు ప్రాణాలు పోతే ఒక్కరికీ శిక్ష పడలేదు. 1968 నవంబర్ 25న పెదగొత్తిలిలో గిరిజనులు షావుకారు ఇంటిమీద పడ్డారు. సాయుధ పోరాటం అక్కడ మొదలైంది. ఆ తర్వాత భూస్వాములూ షావుకార్లూ హత్యకు గురయ్యారు, అది దాచవలసిన సంగతి కాదు. పోరాటాన్ని నడిపిన బడిపంతుళ్లు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులై 10న పోలీసు తూటాలకు చనిపోయారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. పట్టుకుని చంపారన్నారు ఉద్యమకారులు.

బతికినవాళ్ల మీద ఈ కుట్ర కేసు పెట్టారు. నిందితులు వందకు పైనే. అంతమంది ఒకే కేసులోకి ఎలా వచ్చారు? అప్పటి శిక్షాస్మృతి 121ఎ ప్రకారం ప్రభుత్వంపై యుద్ధానికి కుట్ర పన్నారని తేలితే చాలు, యావజ్జీవం పడే వీలుండేది. ఏ పనీ జరిగి ఉండనక్కర్లేదు. పైగా అప్పటి సాక్ష్యాధార చట్టం 10వ సెక్షన్ కింద కుట్రదారుల్లో ఒకరి మాట, రాత మిగతావాళ్ల మీదా సాక్ష్యమయ్యేది. నా అభ్యంతరమంతా ఇక్కడే. హత్య కేసులో ఎవరు చంపారో చూపించాలి. ఇక్కడ ఎవరు ఎవరితో ఉన్నారో చూపిస్తే సరిపోతుంది. ఈ కేసులో శిక్షపడిన నక్సల్బరీ నేత కాను సన్యాల్ 1970లో అరెస్టయి, 1977లో గానీ బయటికి రాలేదు.

ఇదే పోరాటంలో ఉన్న గుణుపురం న్యాయవాది నాగభూషణ్ పట్నాయక్‌కు 1970లో ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అడగనన్నారాయన. నిరసనలు లేచాయి. శిక్ష యావజ్జీవంగా మారింది. 1998లో కన్నుమూశారు. విశాఖ జైలు గోడలకు పెట్టిన కరెంటు తీగల మీద నక్సలైటు ఖైదీలు సుప్రీంకోర్టుకెక్కితే, 1974లో పిటిషన్ వీగిపోయింది. కానీ జైల్లో పడ్డంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు అదే తీర్పులో చెప్పింది.

ఆ 1974లోనే కవులు, రచయితలపై సికింద్రాబాద్ కుట్ర కేసు పెట్టారు. 1989లో అది కొట్టుడుపోయింది. నిర్దోషులని తేలడానికి 15 ఏళ్లు!

కేసులు ముగిసినా కొండల్లో ఇప్పటికీ నిలిచిన అంకె 1/70. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న ఆ నిబంధన, పోరాటం రగులుతున్న 1970లోనే వచ్చింది.

2024 జులై 1న పాత శిక్షాస్మృతి పోయింది. 121ఎ మాత్రం దాని స్థానంలో వచ్చిన న్యాయసంహితలో 148గా ఉంది. ఇకపై పేపర్లో కుట్ర కేసు అని కనబడితే రెండు తేదీలు వెతకండి: అరెస్టు ఎప్పుడు, తీర్పు ఎప్పుడు.