కువైట్ విమానం ఎన్ని గంటలు పోతుంది?

మనలో కొందరి ఇండ్ల నుండి కువైట్‌కు పనికి పోయినవారు ఉన్నారు. మా పిన్నమ్మ కూడా అక్కడ ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆమె మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు, కువైట్‌లో రాత్రి 10 గంటలకు విమానం ఎక్కింది. అయిదు గంటల ప్రయాణమని ఎవరో చెప్పినారు. నాన్న వేళ్ళు మడిచి లెక్క వేసుకొని, తెల్లవారుజామున 3 గంటలకు చెన్నై విమానాశ్రయం బయట నిలబడినాడు. 3 దాటింది, 4 దాటింది. నాన్నకు చదువు రాదు, అడిగేదానికి భయం. విమానం పడిపోయిందేమో అని ఏడ్చినాడంట. 5 గంటలకు విమానం దిగింది. అది ఆలస్యం కాలేదు, సరిగ్గా టైముకే వచ్చింది! మరి నాన్న లెక్క ఎక్కడ తప్పింది?

ముందు దూరం చూద్దాము. భూమి గుండ్రం కనుక అట్లాసులో స్కేలు పెడితే సరిగా రాదు. అందుకని మన బడిలోని గ్లోబు తీసుకున్నాను. భూమధ్యరేఖ మీద దారం చుడితే 80 సెంటీమీటర్లు వచ్చింది. నిజమైన భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే గ్లోబు మీద 1 సెం.మీ. అయితే 500 కి.మీ. అన్నమాట. తరువాత చెన్నై నుండి కువైట్‌కు దారం బిగువుగా పట్టినాను. ఏడున్నర సెం.మీ. వచ్చింది. (దారం వదులుగా ఉండరాదు. నాకు మొదట 9 వచ్చింది!) 7.5 × 500 = 3,750 కి.మీ.

పెద్ద విమానం గంటకు 800 కి.మీ. పైనే పోతుంది. 3,750ని 800తో భాగిస్తే సుమారు 4 గంటల 40 నిమిషాలు. పైకి లేచేదానికి, దిగేదానికి కొంచెం కలిపితే అయిదు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, అంత ఎత్తులో పడమటి నుండి తూర్పుకు వీచే గాలి వెనక నుండి తోస్తుంది. ముఖ్యంగా చలికాలంలో. కనుక నాలుగున్నర గంటల్లోనే రావచ్చు.

అంటే ప్రయాణం లెక్క పెద్ద తప్పేమీ కాదు. తేడా గడియారంలో ఉంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశం టైము కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి పెట్టినారు. కువైట్ టైము 45 డిగ్రీలది. తేడా 37½. దాన్ని 15తో భాగిస్తే రెండున్నర గంటలు. పొద్దు ముందు మనకే పొడుస్తుంది కనుక మన గడియారమే ముందు. పిన్నమ్మ ఎక్కినప్పుడు అక్కడ రాత్రి 10, ఇక్కడ అప్పటికే 12.30. దానికి నాలుగున్నర కలపండి!

టికెట్టు మీద ఎక్కే టైము ఎక్కిన ఊరిది, దిగే టైము దిగిన ఊరిది. అందుకే పొద్దున 6 గంటలకు చెన్నైలో ఎక్కితే 8.30కే కువైట్‌లో దిగినట్టు రాసి ఉంటుంది. "పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఏడు గంటలా? దోవ తప్పినాడేమో" అని మా అవ్వ ఇప్పటికీ అంటాది.

ఇంకొక చిన్న లెక్క. ఆదివారం మనకు ఫోను సాయంత్రం 6 గంటల వరకే. అప్పుడు కువైట్‌లో 3.30, పిన్నమ్మ పనిలో ఉంటుంది. ఆమెకు తీరేది అక్కడి 6 గంటలకు, అంటే మనకు రాత్రి 8.30. వార్డెన్ మేడంగారు ఈ లెక్క సరిచూసి, కువైట్‌లో అయినవాళ్ళు ఉన్న పిల్లలకు ఆ టైములో ఒక పది నిమిషాలు ఇవ్వగలరా?